తాళం టిఫిన్ కొట్లో ఉంది

నౌపడలో దిగేసరికి పదకొండు.
ఉప్పు మ్యూజియం ఎటు అని అడిగితే
ఆటో అతను ముందు నవ్వాడు,
తర్వాత ఫోన్‌లో వాళ్ళ బావమరిదిని అడిగాడు.

రైలు గేటు దాటాక రేకుల షెడ్డు.
గోడ మీది నీలం అక్షరాల్ని
సగం వాన, సగం ఉప్పుగాలి తినేశాయి.
తలుపుకి గుచ్చిన కాగితం మాత్రం కొత్తది:
'తాళం టిఫిన్ కొట్లో ఉంది.'

నష్టానికి వెల కట్టడం నా ఉద్యోగం.
తుఫాను పోయిన మూడోనాడు వస్తాను,
కూలిన జీడిచెట్లు, తడిసిన బస్తాలు లెక్కపెట్టి
తరుగుదల పోను ఇంత అని రాసి
సంతకం చేసి బస్సెక్కుతాను.

ఆదివారాలు మాత్రం
ఎవరూ పోని గదులకి పోతుంటాను.
శాలిహుండంలో ఓసారి నా ఒక్కడి కోసం
కాపలాదారు లైటు వేశాడు,
నేను మెట్లు దిగకముందే ఆర్పేశాడు.
విజయనగరంలో ఒక లెక్కల మాస్టారు
వరండా నిండా తూనికరాళ్ళు పేర్చుకున్నాడు,
వీశె, పదలం, ఏబులం.
కళ్ళు మూసుకుని చేత్తో చెప్పండి అన్నాడు.
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది,
ఒక్కటీ చెప్పలేకపోయాను.

పిండిచేతులు కొంగుకి తుడుచుకుంటూ
తాళంతో వచ్చింది బమ్మిడి ఎర్రమ్మ.
"ఉప్పు సూడ్డానికొచ్చినావేటి బావూ?
కొట్లో దొరకదేటి?"

లోపల ఒకే గది.
ఉప్పు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయిన
పేడాడ సూర్యప్రకాశం గారు
ఏడాదికొక సీసా చొప్పున దాచిన ఉప్పు.
బిరడా వదులైన సీసాల్లో
అరవై ఒకటో సంవత్సరం నీరైపోయింది.
పర్లాకిమిడి చిన్నరైలు టికెట్టు, పురుగు కొరికినది.
ఒక ఫోటో: కుర్చీల్లో టోపీల దొరలు,
ఒక్కొక్కరి కింద ఒక్కొక్క పేరు,
వెనక నిలబడ్డ వాళ్ళందరికీ కలిపి
'మరియు కూలీలు'.

పద్నాలుగో వస్తువు దగ్గర ఆగాను.
పొడవాటి వెదురుకి అడ్డంగా బిగించిన చెక్క.
కింద గుండ్రటి చేతిరాత:
'కొయ్య పనిముట్టు. ఉపయోగం తెలియదు.'

చదివి వినిపించాను.
ఎర్రమ్మ పకపకా నవ్వింది.
"కుర్సీలో కూకున్నోడికి ఏటి తెలుస్తాది!"
ముట్టుకోరాదు అన్న అట్టముక్కని పక్కకి జరిపి
దాన్ని చేతిలోకి తీసుకుంది.

తీసుకోగానే నడుము దానంతటదే వంగింది.
ఒక కాలు వెనక్కి, ఇంకో కాలు వెనక్కి,
సిమెంటు గచ్చు మీద లేని ఉప్పుని
లేని గట్టు వైపు లాక్కుంటూ పోయింది,
నిద్రపోయే బిడ్డ మీది దుప్పటి లాగినంత మెల్లగా.
"అడుగు మట్టి రేగకూడదు బావూ,
రేగితే ఉప్పు నల్లబడిపోద్ది,
మేస్త్రీ ఆ పూట కూలి కోసేసీవోడు.
నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు.
కర్ర నాకన్నా పొడుగు."

జేబులోంచి పెన్ను తీశాను.
దీని పేరేమిటమ్మా?

ఆగింది.
పెదాలు ఒకసారి కదిలాయి.
కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది,
పేరు అందులోంచి రాలుతుందేమో అన్నట్టు.
"ఏటో అనీవోళ్ళం...
మాయమ్మకి తెలుసును.
సివరికి ఇదీ ఒగ్గీసినాను సూడు."

సందర్శకుల పుస్తకంలో ఆఖరి మాట
మార్చిలో ఎవరో బడిపిల్లాడిది:
'బాగుంది. ఫ్యాను నేదు.'
దాని కింద తేదీ వేశాను,
అభిప్రాయం గడిలో చాలాసేపు ఏమీ రాయలేదు.
తర్వాత రాశాను: పద్నాలుగో నంబరు,
ఉపయోగం ఎర్రమ్మ గారికి తెలుసు.

"ఎల్లాల, సట్నీ రుబ్బాల" అంటూ
ఆమె కర్రని దాని మేకులకి తగిలించలేదు.
ఇంట్లో చీపురు పెట్టినట్టు
తలుపు మూలకి చేరేసి తాళం వేసింది.
నేనూ ఏం అనలేదు.

రైలు సాయంత్రానికి గానీ లేదు.
ఆమె కొట్లోనే కూర్చుని నాలుగిడ్లీలు తిన్నాను.
చట్నీలో ఉప్పు తక్కువైంది.
చెప్పబోయి
ఊరుకున్నాను.