బండి ఱ

ఛత్తాబజార్‌లో మెట్ల కింద మా దుకాణం.
ఆషాఢం. పెళ్లికార్డుల గిరాకీ లేదు.

కట్టెల అడ్డా బోర్డుకు పేరు కొట్టియ్యమని
కఱ్ఱోళ్ల ఈదమ్మ వచ్చింది.
"మా నాయిన బండి మీద రాసినట్టే రావాలె.
మామూలు ర గాదు, బండి ఱ."

కీబోర్డంతా తడిమాను.
చివరికి గుర్తుల కిటికీ తెరిస్తే
డిగ్రీ సున్నాలు, బాణాలు, పూలు,
ఏ భాషవో తెలియని కొక్కేలు
జుమ్మేరాత్ బజార్‌లా పరుచుకుని ఉన్నాయి.
అరసున్న దాటి ఎంతో దూరాన
కాడి దింపుకుని నిలబడి ఉంది ఱ.

ఒక ఱ, ఒక పొల్లు, మళ్లీ ఱ.
రెండోది బుద్ధిగా కిందికి దిగింది.

వెంటనే పేరు కింద ఎర్రగీత.
"తప్పా?"
"కాదమ్మా, దానికి తెల్వదు."
"ఆధార్ కాడ గూడ తప్పే అన్నరు."
ఎరుపులోనూ ఒకప్పుడు ఆ ఱే ఉండేదని
ఆ గీతకేం తెలుసు!

నలభై రూపాయలిచ్చి
కాగితం మడవకుండా
రెండు చేతుల మీద మోసుకుపోయింది.

మర్నాడు ఇరానీ హోటల్ రేట్ల పట్టీకి
రూపాయి గుర్తు వెతుకుతూ అదే కిటికీ తెరిచాను.
ఈమధ్య వాడినవి అనే వరుసలో
అన్నిటికన్నా ముందు,
కాడి ఎత్తి,
బండి.