దొంగ తూము

ఎనిమిదో రోజు గుడ్డుకు
గోరంత కిటికీ కోస్తాను.
పెంకులో కత్తెర తిరుగుతుంటే
పంటి కింద ఇసుక పడ్డట్టు చప్పుడు.
లోపల, దీపం వెలుతురులో
ఎర్రగా, తడిగా, అదురుతూ
ఒక ఊరికి సరిపడా కాలువలు.

"ఇది మెయిన్ కాలువ" అన్నాడు ఉసేనయ్య
నా వెనక నిలబడి, మెడ సాచి.
"ఇవి పిల్లకాలువలు.
ఎవురు తవ్వినారమ్మా ఇంత నున్నగా?"

ముప్పయ్యొక్క ఏండ్లు కె.సి. కాలువ మీద లస్కరు.
సుంకేసుల నుంచి నీళ్లు ఇడిసిన రాత్రుల్లో
తలగుడ్డ చుట్టుకొని, సైకిలు నడిపించుకుంటూ
గట్టు పొడుగునా బ్యాటరీ లైటు వేసుకుంటూ పోయినవాడు.
ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రిలో
కిటికీ పక్క మంచం.
సంగటి ముద్ద గొంతు దిగినా కడుపు ఒప్పుకోవడం లేదని
వినాయక చవితి ముందర వచ్చినాడు.
కీమో సీసా అయిపోయినాక
మోచేతికి దూది అంటించుకొని
మెట్లు దిగి నా గదికి వస్తాడు.
లోపలికి రాకూడదని బోర్డుంది.
ఆయన బతుకంతా బోర్డు లేని గట్ల మీద గడిచింది.

నాకొచ్చిన మాటల్లో చెప్పినాను:
గడ్డ మొదట ఆవగింజంత.
ఇరుగుపొరుగు చెమ్మ పీల్చి బతుకుతుంది.
అంతకు మించి పెరగాలంటే నీళ్లు కావాల.
అప్పుడు అరుస్తుంది, నోరు లేని అరుపు.
దగ్గర్లోని నెత్తురు నాళం అది విని
తన గట్టు తానే తెంచుకొని
దానివైపు మొలకేస్తుంది.

"మా తావ గండి కొట్టేటోడు పార పట్టుకొని రావల్ల.
ఈడ కాలువే నడిచిపోయి
దొంగకు నీళ్లు పోస్తాందా?"

నా దగ్గరున్నది పెప్టైడు,
ఏడు అమైనో ఆమ్లాల ముక్క.
ప్రోటీను అనడానికి చాలదు,
ఇంటిపేరులో మొదటి అక్షరం లాంటిది.
కానీ పాత నాళాన్ని వదిలేసి
కొత్తగా మొలిచినదాన్ని పట్టుకుంటుంది.
అరుపు వినే చెవిలో దూరి కూచుంటుంది.

రెండు గుడ్లు పక్కపక్కన పెట్టినాను.
ఒకదానిలో, కడుపు క్యాన్సర్ కణాల చుక్క చుట్టూ
సైకిలు చక్రం పుల్లల్లా నాళాలు.
పెప్టైడు వేసినదానిలో
పుల్లలు సగం దోవలో ఆగిపోయి
నడుమ చుక్క పాలిపోయి ఉంది.

చాలాసేపు చూసినాడు.
"మరి కోడిపిల్ల?"

మా గైడు ఎప్పుడూ అడగని ప్రశ్న.
పద్నాలుగో రోజు లోపలే ఫ్రీజరులో పెట్టేస్తామని,
నొప్పి తెలిసే వయసు రాకముందే అని చెప్పినాను.
అది నిజమే.
అయినా ఎందుకో గ్లవ్సు విప్పి
మళ్లీ తొడుక్కున్నాను.

స్టూలు లాక్కొని కూచున్నాడు.
ఒక కరువు ఏడు, పైనుంచి ఆర్డరొస్తే
దొంగ తూములు పదకొండు పూడ్చినాడంట.
చివరి ఊళ్లకు నీళ్లందినాయంట.
పన్నెండోది బావమరిది మద్దిలేటిది.
వరి అప్పుడు పొట్ట మీద ఉంది.
అదీ పూడ్చినాడు.
తొమ్మిదేండ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.
మొన్న బేస్తవారం మద్దిలేటి వచ్చి
మంచం పక్కన రాగిజావ క్యాను పెట్టి
ఒక్క మాటా ఆడకుండా
బస్సెక్కి పోయినాడంట.

"జావ నిలబడింది కడుపులో" అన్నాడు.
అదొక్కటే అన్నాడు.

కొంచెంసేపటికి:
"నీ మందు నాకెప్పుడు పెడతావు?"

గుడ్డు తర్వాత ఎలుక.
ఎలుక తర్వాత కాగితాలు, కమిటీలు, ఏండ్లు.
అదంతా చెప్పలేక
"ఇంకా మీ వంతు రాలేదు" అన్నాను.

ఆ మాట ఆయనకు తెలుసు.
కాలువ చివర ఎండిన మడి గట్టున నిలబడి
ఎంతమందికి తానే చెప్పి ఉంటాడో.
కోపం రాలేదు. తలూపి, మోకాళ్ల మీద చేతులూని లేచినాడు.

తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసినాడు.
"ఆ మూల గుడ్డుకు టేపు సరిగ్గా అంటలేదు.
చెమ్మ పోతాంది, చూసుకో."

లెన్సు పెట్టి చూసినాను.
నిజమే.
అంచు వెంట
వెంట్రుకవాసంత.