గట్టి రంగు

వేజర్ నది సముద్రంలో కలిసేచోట,
బ్రేమర్‌హాఫెన్ రేవు వెనకవీధిలో మా షెడ్డు.
తలుపు తీస్తే ఉప్పుగాలి, మూస్తే పాలిష్ వాసన.
నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.
చేతిలో మిషనుంటే చాలు, లోకం నునుపైపోతుందనుకునే వయసు.

సోమవారం పొద్దున్నే ఒన్నో యానెన్
తన శవవాహనం తెచ్చి నిలిపాడు.
నల్లది, పొడుగాటిది.
గురువారం పెద్ద అంత్యక్రియ ఉందట.
"అద్దంలా ఉండాలి" అన్నాడు, టోపీ తీయకుండానే.

దీపం వంచి చూశాం.
బ్రష్షుల కార్‌వాష్ ఏళ్లతరబడి నమిలిన ఒళ్లు.
వెలుగు ఎటు జరిపితే అటు
ఒక సాలెగూడు కూడా నడిచొస్తోంది.
ఈ కంపెనీ రంగు మొండిది. గోరు దిగదు.
దిగిన గీతనీ అంత తేలిగ్గా వదలదు.

నేను తిన్నగా ఉన్ని ప్యాడు అందుకున్నాను.
వీబ్కె దాన్ని నా చేతిలోంచి తీసి
మాటైనా లేకుండా మేకుకి తగిలించింది.
ముప్పయ్యొక్కేళ్ల పని ఆమెది,
కుడి మణికట్టుకి ఎప్పుడూ బిగించిన పట్టీ.

బానెట్ మీద జానెడు చోటు టేపుతో కట్టింది.
ముందు నల్ల ఫోమ్, పసిబుగ్గలాంటిది.
నాలుగుసార్లు అడ్డం, నాలుగుసార్లు నిలువు.
తుడిస్తే గీతలు ఎక్కడివక్కడే.
మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు గానీ
ఆ రంగుకి మెత్తదనం లెక్కేలేదు.
తర్వాత నారింజ ఫోమ్.
సగం పోయాయని నేను ఎగిరి గంతేశాను.
ఆమె స్పిరిట్ కొట్టి తుడిచింది.
నూనె కింద దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి.

అప్పుడు మైక్రోఫైబర్. ఐదంగుళాలది, పొట్టి నూలు.
అది కరిచింది.
గీతలు పోయాయి, వాటి చోట పొగమంచులా మసక.
నా మొహం చూసి నవ్వింది:
"మసక సంగతి తెల్ల ఫోమ్ చూసుకుంటుంది.
ఒకే ప్యాడుతో రెండు పనులూ అయ్యేట్టుంటే
మనిద్దరికీ జీతాలెందుకు?"

రెండు రోజులు, తలుపుకో ప్యాడు.
నడిమధ్య వేడెక్కిందేమోనని
జ్వరం చూసినట్టు వీపుచేత్తో చూసేది.
గాలిగొట్టంతో ఊదితే నూలులోంచి
తెల్లటి పొడి లేచి మా కనుబొమల మీద వాలేది.

బుధవారం మధ్యాహ్నం వెనకతలుపు దగ్గర ఆగింది.
మందం కొలిచే మీటరు అన్నిచోట్లా
నూట పద్దెనిమిది, నూట ఇరవై మైక్రాన్లు.
పిడికి పైన, ఛాతీ ఎత్తులో, డెబ్బై నాలుగు.
పక్కన డెబ్బై ఒకటి.
గీతలు దట్టంగా ఉన్నదీ అక్కడే.
గుండ్రటివి కావు. పొట్టివి, కిందికి జారినవి.

"మైక్రోఫైబర్ తేనా?" అన్నాను.
ఆమె అరచెయ్యి ఆ చోట ఆనించింది.
ఉంగరం రంగుకి తగిలి టిక్కుమంది.

ఒన్నోకి ఫోన్ చేశాం.
వచ్చి చాలాసేపు బూట్లు చూసుకున్నాడు.
"నేనే రుద్దుతుంటాను, రాత్రిళ్లు,
వంటింట్లో ఉండే క్రీముతో.
ఇవాళొచ్చేవాళ్లకి
నిన్నటివాళ్ల గీతలు కనపడకూడదని."

వీబ్కె మీటరు జేబులో వేసుకుంది.
"ఇంకొక్కసారి రుద్దితే కింది రంగు బయటపడుతుంది, ఒన్నో."

ఆ చోటుకి మాత్రం
మొదట ఓడిపోయిన నల్ల ఫోమే తీసింది.
వేగం అంతా తగ్గించి, ఒక్కటే చుట్టు.
గీతలు పోలేదు. అంచులు కాస్త చల్లబడ్డాయంతే.
"అద్దంలా లేదే" అని ఒన్నో అనలేదు.

గురువారం వాన.
బేకరీ ముందు బండి మెల్లగా వెళ్తుంటే
రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ
నాలుగడుగులు పక్కన నడిచి తలుపు మీద చెయ్యి వేసింది.
చేతికి తొడుగుంది.
గీత పడిందో లేదో నాకు తెలీదు.

షెడ్డుకి వచ్చి ప్యాడులు ఉతికాను.
మూడు బకెట్ల బూడిదనీళ్లు.
ఉన్నిది మేకుకే ఉంది, పొడిగా, ఎవరూ అడక్కుండా.