రెండు నిమిషాల దూరం

పటంలో అది ఒట్టి గీత.
రోడ్డుకి ఈ పక్క మందుల షాపు, ఆ పక్క ఆసుపత్రి,
మధ్యలో నేల కిందుగా దారి.
నడక రెండు నిమిషాలు, అంటుంది ఫోను.
ఎవరి నడక? అంటుంది ఖాతునా
చక్రాల కుర్చీకి బ్రేకు వేసి.

త్బిలిసిలో మార్చి నెల.
మంచు కరిగి మెట్లన్నీ నల్లటి నీళ్ళు.
నా చేతిలో టేపు, ఆమె ఒళ్ళో నోటుపుస్తకం.
దిగడానికి పదిహేడు, ఎక్కడానికి పంతొమ్మిది.
ఆ రెండూ ఎక్కడ పెరిగాయో
కట్టినవాడికే తెలియాలి.
మెట్ల మీదుగా రెండు ఇనప పట్టాలు దించారు,
చక్రాల కోసమేనట.
గుమ్మడికాయను వదిలితే దొర్లుకుంటూ పోతుంది,
మనిషిని వదిలే వాలు కాదది.
దానికీ ఎవరో రిబ్బను కత్తిరించే ఉంటారు.

"పట్టాలు ఉన్నాయి, దారి లేదు"
అని రాసుకుంది.

ఆ రాత్రే పటంలోకి ఎక్కించింది.
ఊరందరి పటం అది,
ఎవరైనా గీయొచ్చు,
ఎవరైనా చెరపొచ్చు.
తెల్లారేసరికి ఎవరో చెరిపారు:
ఇంత వివరం దేనికి, పటం ఇరుకైపోతోంది.
మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది.
మూడోసారి పెట్టి కింద ఒక ముక్క రాసింది:
"అయ్యా, మీకది వివరం.
నాకది ఊరు."
ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.
సిగ్గుపడ్డారో, విసిగిపోయారో.
నాకైతే రెండోదే అనిపిస్తుంది.

ఒతార్ పియానోలకి శ్రుతి సరిచేస్తాడు,
పుట్టుకతోనే చూపు లేదు.
ఉబ్బెత్తు గీతల పటం ఒకటి అచ్చు వేయించి
అతని ముందు పరిచాం, మెచ్చుకుంటాడని.
వేళ్ళతో ఊరంతా తిరిగాడు.
వంతెన దగ్గర ఆగాడు.
"మీ కురా నది గరుకుగా ఉంది,
మీ రోడ్డూ అంతే గరుకు.
నన్ను నీళ్ళలోకి నడిపిస్తారా ఏం?"
ముగ్గురం నవ్వాం,
నా నవ్వు మధ్యలో ఆగింది.
ఏ నీలం వేయాలా అని వారం రోజులు వాదించుకున్నాం మేము.
నీలమంటే నీరని
వేలికి ఎవరు చెబుతారు?

ఇక త్సియాలా.
మెట్ల మొదట్లో పీట వేసుకుని
పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు అమ్ముతుంది.
ఓ సాయంత్రం ఫోనులోకి తొంగి చూసి
"ఇందులో నేనెక్కడ?" అంది.
కదిలేవాటిని గీయకూడదమ్మా, నియమం,
అన్నాను నేను, గొంతు సవరించుకుని.
"కదిలిందెవరు?
పదకొండేళ్ళుగా ఈ పీట ఇక్కడే.
ఆ మూల బ్యాంకు మూడు పేర్లు మార్చింది.
పక్కన సినిమాహాలు కూలి గడ్డి మొలిచింది,
మీ బొమ్మలో ఇంకా నిలబడే ఉంది!
మొన్న ఈ పిల్లని ఎత్తి దించిన కుర్రాళ్ళని
కేకేసి పిలిచిందెవరు?
బ్యాంకా?"

ఖాతునా ఏమీ అనలేదు.
ఓ పొట్లం కొనుక్కుంది, డబ్బులిచ్చే చేయి
కాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి రాసింది, కొట్టేసింది, రాసింది.
మనిషి పేరు పెట్టొచ్చా?
పెడితే పోలీసులు వచ్చి పీట లేపేస్తారా?
పెట్టకపోతే లేనట్టేనా?
చివరికి ఇలా తేలింది:
"మెట్లు పదిహేడు.
ఎడమవైపు చేతికమ్మీ విరిగింది.
పిలిస్తే పలికే మనిషి ఉంది, చీకటి పడేదాకా."

చెరిపేస్తారనే అనుకున్నాం.
పొద్దున్నే తెరిచి చూస్తే అలాగే ఉంది,
కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎవరో చేర్చారు:
"గింజలు బాగుంటాయి. ఉప్పు కాస్త ఎక్కువ."

త్సియాలాకి చదివి వినిపిస్తే
ఉప్పు గురించి గంటసేపు తిట్టింది.

ఆసుపత్రికి మాత్రం
ఇంకా వంతెన చుట్టూ తిరిగే పోతున్నాం,
నలభై నిమిషాలు.
ఫోను రెండే అంటుంది.
టేపు నా జేబులోనే ఉంది.