చీమలు పట్టిన చోటు

నాకు షుగర్ లేదు.
మూడుసార్లు రక్తం తీసి మరీ చెప్పారు లేదని.
అయినా అమలాపురం డాక్టరమ్మ రాసిన చీటీ చూసి
మందుల కొట్టు పేరిబాబు
"ఇది షుగర్ బిళ్ళ కదా లస్కరు గారూ,
ఎప్పుడొచ్చింది మీకు?" అన్నాడు.
కొట్టు ముందు నలుగురూ నా వంక చూశారు,
ఏదో దాచుకు తిరుగుతున్నవాణ్ణి చూసినట్టు.

అప్పటికి నెల్లాళ్ళుగా కూర్చునే నిద్రపోతున్నాను.
వెల్లకిలా వాలితే చాలు
లోపలెవరో లాకు తలుపులు దించేసేవాళ్ళు.
పిక్క మీద బొటనవేలు నొక్కితే పడిన గుంట
టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా పూడేది కాదు.

ముప్పై నాలుగేళ్ళు లాకు మీద చేశాను,
నీటి సంగతి నాకొకరు చెప్పాలా.
చేలు మునిగితే జనం గోదారిని తిడతారు.
గోదారి తప్పు ఎప్పుడూ సగమే.
మురుగుకాలవ మొగలో గుర్రపుడెక్క అడ్డం పడి
సముద్రానికి పోవాల్సిన నీరు
వరి మొదట్లో నిలబడిపోవడం మిగతా సగం.

ఈ మాటంటే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.
"సరిగ్గా అదేనండీ. గుండె పంపు నీరసించింది.
ఈ బిళ్ళ కిడ్నీల దగ్గర తూము కాస్త ఎత్తి ఉంచుతుంది.
పంచదార పోతుంది, దాని వెంట ఉప్పూ, నీరూ.
షుగర్ వాళ్ళ కోసమే చేశారు.
వాళ్ళకిచ్చి చూస్తే, గుండె నీరసించి
ఆసుపత్రికొచ్చేవాళ్ళు తగ్గారు.
ఎందుకో పూర్తిగా మాకూ తెలీదు."
ఆ చివరి మాటకి నాకు నమ్మకం కుదిరింది.

మా కాలవలూ అంతే.
సాగు కోసం తవ్వారు, పడవలు తిరిగాయి.
పురిటికని బయల్దేరిన మా అమ్మ
నన్ను పడవలోనే కంది.

ఇంటికొస్తే భూలక్ష్మి నా టీలో పంచదార మానేసింది.
ఎంత చెప్పు, "షుగర్ బిళ్ళ షుగర్ బిళ్ళే" అంటుంది.
బెల్లం డబ్బా అటకెక్కింది.

పన్నెండో రోజు తెల్లారగట్ల
పెరట్లో కొబ్బరి మొదట్లో, నేను నీళ్ళొదిలిన చోట,
నల్లచీమలు బారులు తీరాయి.
చూసి ఆవిడ గడపలో చతికిలబడింది.
"అయిపోయింది. వచ్చేసింది."
నవ్వాను. దగ్గు రాకుండా నవ్వి ఎన్నాళ్ళయిందో.
"వచ్చింది కాదే పిచ్చిదానా. పోతోంది."

రోజూ పొద్దుటే పక్కవాళ్ళ రొయ్యల కాటా ఎక్కుతాను.
డెబ్బై నాలుగు. డెబ్బై రెండున్నర. నిన్న డెబ్బై ఒకటి.
ఒకప్పుడు రిజిస్టరులో మట్టం రాసినట్టు
క్యాలెండరు గళ్ళలో రాస్తున్నాను.
గుండె కొత్తదైపోయిందని కాదు.
గేటు పాతదే, చక్రానికి పళ్ళరిగాయి,
మెట్లెక్కితే ఇప్పటికీ కీచుమంటుంది.
కానీ రాత్రి రెండు దిళ్ళ మీద
వాలి పడుకున్నాను.

భూలక్ష్మి గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.
నా తీపి చీమలు తింటున్నాయి.
నాకు మాత్రం చప్పటి టీ.