మాటకో సెంటు

కాజీపేట పార్సిల్ ఆఫీసుల
ఎవలూ విడిపించుకోని పెట్టె వేలానికొస్తే
పదకొండు రూపాయలకు పాడిండు మా చిన్నాయిన ఓదేలు.
గడియారాలుంటయనుకున్నడు.
తెరిస్తే పుస్తకాలు. అమెరికావి. హత్యలవి.
ముప్పైరెండూ ఒక్కడే రాసినవి.

అట్ట ఎనుక ఆయన ఫొటో:
టోపీ, తెగిన కనుబొమ్మ,
కింద మూడు వరుసల్ల బతుకు.
మాంసం ఫ్యాక్టరీల రాత్రి కావలి,
పదేండ్లు మాటకో సెంటు లెక్కన
చిల్లర పత్రికలకు కథలు.

చిన్నాయినకు అంతుపట్టనిది అదే.
మాటకింత అని కూలి ఇస్తుంటే
మనిషి ఇంత పిసినారిగ ఎట్ల రాస్తడు?
'వాన. తలుపు తీసే ఉంది. దీపం ఆర్పలేదు.'
తెలుగుల చెప్పుకొని వేళ్ల మీద లెక్కగట్టిండు:
ఆరు సెంట్లు.
మనోడైతే ఒక్క వానకే అర్ధరూపాయి గుంజేటోడు!

రాత్రి డ్యూటీ కాజీపేటల,
పగలు హన్మకొండ కోర్టు ముందట రేకుల కింద
అర్జీలు రాసేటోడు చిన్నాయిన, పేజీకి ముప్పావలా.
'మహారాజశ్రీ తమరి దివ్య సముఖమునకు' అనంగనే
సగం కాయితం నిండేది.
వచ్చినోళ్ల ఏడుపు మిగిలిన సగంల సర్దుకునేది.

ఏడాదిల పుస్తకాలు ఒడిసినయి,
డిక్షనరీ అట్ట ఊడింది.
హంతకుని మనసుల ఏమున్నదో
ఆ టోపీ ఆయన ఎన్నడూ రాయడట,
చేతులేం చేసినయో రాస్తడట:
చాయ తాగిండు. కప్పు కడిగి బోర్లించిండు.
గంతే. సదివేటోనికి చెమటలు.

ఓనాడు దూడం కనకవ్వ వచ్చింది, ఒడిల సద్దిగిన్నె.
పెనిమిటి జిన్నింగు మిల్లుల రాత్రి పాళీకి పోయి
బావిల తేలిండు.
కాలు జారిందన్నరు మిల్లోళ్లు.
చిన్నాయిన పొద్దుగూకేదాక అడుగుడే.
చెప్పులేవి, బీడీలెన్ని, గిన్నె ఎవలు తెచ్చిచ్చిన్రు.
ఆఖరికి రాసిండు:

'గిన్నె తెల్లారి మిల్లు మనిషి తెచ్చిచ్చిండు.
కడిగి ఉంది.
పన్నెండేండ్ల కాపురంల
నా పెనిమిటి ఎన్నడూ గిన్నె కడుగలేదు.'

దివ్య సముఖం లేదు. పాదపద్మాలు లేవు.
మున్సిఫు అద్దాలు తీసి తుడుచుకొని
మల్లొకసారి సదివిండట.
కేసు తొమ్మిదేండ్లు నడిచి ఏమైందో
అది వేరే ముచ్చట, దానికి సాక్షులు లేరు.

అర్జీలు అరపేజీకి దిగినంక
ఇంట్ల బియ్యమూ దిగినయి.
చిన్నమ్మ మొత్తుకున్నది:
'వానికి మాటకింత ఇచ్చిన్రు, నీకు పేజీకింత.
వాని తీరు నీకెట్ల గిట్టుబాటయితదయ్యా?'

చిన్నాయిన ఏమనలే.
చాయ తాగిండు.
కప్పు కడిగి బోర్లించిండు.