నిలవని అంకె

మూడో నెల నిండినంక
ఇయ్యాల బిడ్డను బయటికి దీసినం.
మా అత్త సమ్మక్క పొద్దుగాల్నే
అరికాలికి ఒక కాటుక చుక్క,
చెవెనుక ఇంకోటి,
ఎవలికి కనవడకుండ బొడ్డు పక్కకు మూడోది పెట్టి
"మొదటిసారి గడప దాటుతాంది నా తల్లి" అన్నది.
సూది మందుకు పోయినయి లెక్కల రావట.

మొదటిసారా?
నేనేమనలే.

మొదటిసారి ఇది నా లోపల ఉండంగనే
పరకాల నుంచి రాత్రి రెండు గంటలకు
నూట ఎనిమిది బండిల వచ్చింది.
రెండోసారి, పుట్టిన గడియకే,
ఆకుపచ్చ బట్టల చుట్టి ఒక నర్సు
వరండా పొంట ఉరికించుకపోయింది.
ఆ రాత్రి నేను చూసింది బిడ్డను గాదు,
ఆ నర్సు చెప్పుల మడిమెలు.

అద్దాల పెట్టెల ముప్పై నాలుగు రోజులు.
పద్నాలుగు వందల ఇరవై గ్రాములు.
పొద్దు పొద్దున తూకం.
ఇరవై పెరిగితే తల్లులందరం
ఒక్క గిలాస చాయ్ పంచుకుంటిమి,
పది తగ్గితే ఎవ్వరం ఎవ్వరి మొఖం జూడకపోతిమి.
అగో, అప్పుడే
దవాఖాన మెట్ల మీద కూసోని అత్త మొక్కింది:
"మేడారం తల్లీ, పిల్ల ఇల్లు చేరితే
నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట."
ఆ తల్లికి బంగారమంటే బెల్లమే.

అందుకే బీట్ బజారుకు పోతున్నం.
కొత్తవాడ సందుల ప్రతి గుమ్మం ఆగుమన్నది.
కౌసల్యక్క జంపఖానా నడుమ మగ్గం ఇడిసి వచ్చి,
రంగంటిన చేతులు ఎనుకకు పెట్టుకోని,
ముక్కుతోటి బిడ్డ మాడు వాసన జూసింది.
"గింతంతనే ఉన్నదేందే" అన్నది ఎదురింటామె.
"అప్పటికి మూడింతలు" అన్న నేను,
లెక్కల సారు లెక్క.

ఆటోల సదానందం
నా కొంగు పిడికిట్ల పట్టుకోని కూసున్నడు.
గుంత గుంతకు "మెల్లగన్నా, మెల్లగ."
"నాకూ ఇద్దరున్నరు తమ్మీ" అన్నడు ఆటో ఆయన.
పోచమ్మమైదాన్ల ఎర్రబుగ్గ.
బిడ్డ దాన్నే రెప్పెయ్యకుండ జూసింది.
పెట్టె మీద మిణుకు మిణుకుమన్న
ఆ ఎర్రబుగ్గ యాదికొచ్చిందో ఏమో అనుకున్న.
నాకే గుండె గుబేలుమన్నది.
అది ఆవులించింది.
ఆకుపచ్చ పడ్డది.

బెల్లం దుకాణం.
గోనె సంచులు, ఈగలు, పులిసిన తీపి వాసన.
ఓంకారయ్య కాంటా మీది చక్కెర బస్తా దించిండు,
భుజం మీది తువ్వాలతోటి రేకు తుడిచిండు,
మళ్ల ఏమనుకున్నడో
గల్లా కింది నుంచి మడత ఇప్పని కొత్త తువ్వాల దీసి పరిచిండు.
సున్న జేసి "పండవెట్టు" అన్నడు.

పండవెట్టిన. చేతులు ఇడువలే.
ముప్పై నాలుగు రోజులు
దాన్ని తూకానికి పెట్టిన చేతులు నావి గావు.
"నీ చేతుల బరువుకు గూడ బెల్లం గొంటవా అమ్మా?"

ఇడిసిన.

నాలుగు కిలోల వంద.
నాలుగు మూడువందలు.
మూడు తొమ్మిదివందల ఎనభై.
కాలు తంతాంది, పిడికిలి ఇసురుతాంది,
అంకె ఒక్కకాడ నిలుస్తలేదు.
దవాఖానల ఇట్ల గాదు.
అప్పుడు అది కదలకపోతుండె,
అంకె ఎంటనే నిలుస్తుండె,
నర్సు రాసుకోని పోతుండె.

"ఏ బరువు మొక్కినవే అవ్వా?
అప్పటిదైతే కిలోన్నరల ఒడుస్తుండె"
అన్నడు సదానందం.
అత్త కొడుకు దిక్కు జూడలే,
కాంటా దిక్కూ జూడలే.
"అయిదు కిలోలు కట్టు" అన్నది ఓంకారయ్యతోటి.
"ఎక్కువైనంత పెరుగుతది."

మళ్లొచ్చేటప్పుడు
ఒక తొడ మీద బిడ్డ,
ఒక తొడ మీద బెల్లం.
బెల్లమే బరువనిపించింది.
కదలకుండ కూసుంటది గద.